పాత కప్పు శిథిలములు – ట్రాలీ బాడుగ
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందు నెల దినములు నిజామాబాదు జిల్లా గ్రామములలో ఇంటి కప్పులు మార్చు కాలము. వానలు పడకమునుపే పాత పెంకులు దింపి కొత్త కప్పు వేయింపవలెనని ప్రతి గృహస్థుడును తొందరపడును. బోధను నుండి నిజామాబాదునకు వచ్చు దారిలో ఆ రోజులలో ప్రయాణము చేసినవారికి ప్రతి గ్రామమునను ఒకటి రెండు ఇండ్లు కప్పు లేక నిలిచియుండుట కనబడును. గూన పెంకుల ఇండ్లు, మట్టి మిద్దెలు, సిమెంటు రేకుల ఇండ్లు ఒకటొకటిగ పోయి, వాని స్థానమున కాంక్రీటు స్లాబులు లేచుచున్నవి. 2024వ సంవత్సరము మార్చి నెలలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద, సొంత స్థలముగల పేదలకు ఇల్లు కట్టుకొనుటకు 5 లక్షల రూపాయల సహాయము ఏర్పరచిన పిమ్మట ఈ మార్పు మరింత వేగముగ సాగుచున్నది.

ఇది సంతోషింపదగిన విషయమే. అయితే కొత్త కప్పును గురించి పదిమంది పది సలహాలు చెప్పుదురు గాని, దింపిన పాత కప్పు ఎక్కడికి పోవలెనను ప్రశ్న అడుగువారు అరుదు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులు. అందువలన ఈ విషయమును వివరముగ చర్చింపదలచితిమి.

ఒక గ్రామమున మేము చూచినది

నిజాంసాగరు కాలువ క్రింది ఒక గ్రామమునకు మేము ప్రచార కార్యక్రమము నిమిత్తము పోయియుంటిమి. అచ్చట ఒకే వేసవిలో ఆరేడు ఇండ్ల కప్పులు మారినవి. శిథిలములు తీసికొనిపోవుటకు ట్రాక్టరు ట్రాలీని బాడుగకు పిలిచిరి. బాడుగ మాటలాడినప్పుడు "ఇంటి ముందర లేకుండ చేయుము" అన్న ఒక్క మాట తప్ప, ఎక్కడ పోయవలెనో ఎవరును చెప్పలేదు. దూరము పోయినకొలది డీజిలు ఖర్చు పెరుగును గనుక, ట్రాక్టరు నడపువాడు ఊరి చివర పిల్లకాలువ గట్టుమీద ఆ బరువునంతటిని దించి పోయెను. మొదటి వానకు మట్టి, పెంకు ముక్కలు కాలువలోనికి జారినవి. నారుమళ్లకు నీరు వదలిన దినమున చివరి ఆయకట్టునకు చుక్క నీరు చేరలేదు.

చివరి మడిగల వృద్ధ రైతు ఒకరు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, వార్డు సభ్యునితో, "బిడ్డా, మీ ఇండ్లు మంచిగైనయి, సంతోషమే. గని నా మడి ఎండవట్టె. ఈ పెంకులు ఎవరియని అడగాలె నేను?" అనెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు అక్కడ లేరు. ఆరేడు ఇండ్ల పెంకులు కలిసిపోయిన తరువాత ఎవరివి ఏవో గుర్తించుట ఎట్లు? చివరకు పంచాయతీవారే కూలీలను పెట్టి మూడు దినములు కాలువ తీయించిరి. ఇండ్లవారు తప్పించుకొన్న బాడుగకు మించిన ఖర్చు గ్రామముమీద పడినది. నారు ఆలస్యమైన రైతు నష్టమునకు మాత్రము లెక్క కట్టినవారు లేరు.

ఆ తప్పులో మా పాలు కూడ కలదని ఒప్పుకొనవలెను. అంతకు కొన్ని నెలల ముందు అదే గ్రామమున పక్కా ఇండ్ల ప్రయోజనములను గురించి మేము ఉపన్యసించితిమి. పాత కప్పు సంగతి ఒక్క ముక్కయైనను చెప్పియుండలేదు. ఈ వ్యాసము ఆ లోపమును కొంత సరిదిద్దుకొను ప్రయత్నము.

ఏ కప్పు ఎంత బరువు?

శిథిలముల తరలింపునకు మొదటి మెట్టు లెక్క. లెక్క తెలియనిదే బాడుగ మాటలాడరాదు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అనగా 600 చదరపు అడుగుల ఇంటిని ఉదాహరణముగ తీసికొందము.

బంగళా పెంకుల ఇల్లు: కప్పు వాలుగ నుండుటచే దాని వైశాల్యము నేల వైశాల్యముకంటె కొంత హెచ్చు, సుమారు 64 చదరపు మీటర్లగును. చదరపు మీటరునకు 15 పెంకుల చొప్పున దాదాపు 960 పెంకులు. ఒక్కొక్కటి రెండున్నర కిలోల చొప్పున మొత్తము 2,400 కిలోలు. అనగా ఒక ట్రాలీకి సరిపోవు బరువే.

మట్టి మిద్దె: దూలములమీద కర్ర పరచి, దానిపై అరడుగు మందమున మట్టి వేసినట్లు అనుకొందము. 600 చదరపు అడుగులమీద ఆ మట్టి 300 ఘనపు అడుగులు. బరువు 13 టన్నులకు పైమాట. త్రవ్వి దింపినప్పుడు గట్టిమట్టి గుల్లయై నాలుగవ వంతు పెరుగును. చూచుటకు చిన్నదిగ కనబడు మిద్దె నాలుగు ట్రాలీల బరువు మోయుచున్నదని దీనివలన తెలియుచున్నది.

కాంక్రీటు స్లాబు: ఐదంగుళముల మందముగల పాత స్లాబును పగులగొట్టినయెడల 250 ఘనపు అడుగుల కాంక్రీటు, సుమారు 17 టన్నుల బరువు. ఇది ఐదు ట్రాలీల పని.

సిమెంటు రేకులు: పదడుగుల రేకు ఒకటి దాదాపు 40 కిలోలుండును. బరువు తక్కువయే గాని, వీనియందు వేరొక ప్రమాదము కలదు. దానిని ముందు చెప్పెదము.

పై లెక్కలలో ట్రాలీకి మూడు నుండి నాలుగు టన్నుల బరువు అనుకొన్నాము. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతుగల ట్రాలీలో 120 ఘనపు అడుగులు పట్టును. గడ్డి, చెరకు వంటి తేలిక సరకును ఎత్తుగ నింపినను పరవాలేదు. మట్టిని అంచువరకు నింపినచో నాలుగు టన్నులు దాటిపోవును. రేగడి నేలలలోని బండిబాటలలో అంత బరువుతో చక్రము దిగబడినచో, ట్రాలీ ఒరిగి ప్రాణాపాయము కలుగవచ్చును. కాబట్టి శిథిలముల విషయమున ట్రాలీ నిండినదా అని గాక, బరువు సరిపోయినదా అని చూడవలెను.

తరలించుటకు ముందు వేరుచేయుట

పాత కప్పు అంతయు చెత్త కాదు. తెలివిగ దింపినచో సగమునకు పైగా తిరిగి పనికివచ్చును. దూలములు, వాసములు మన ప్రాంతమున తరచు టేకు కర్రతో చేసినవి. చెదలు పట్టని టేకు దూలమును దర్వాజాలకు, కిటికీలకు కోయింపవచ్చును. దానిని శిథిలములతో కలిపి ట్రాలీలో పడవేయుట సొమ్మును పారవేయుటయే.

పెంకులను కప్పుమీదనుండి క్రిందికి విసరకుండ, ఇద్దరు మనుషులు వరుసగ నిలిచి చేతికి చేయి అందించి దింపినచో, పై ఉదాహరణములోని 960 పెంకులలో మూడింట రెండు వంతులు, అనగా 640 మంచివి మిగిలినను అవి పశువుల కొట్టమునకు సరిపోవును. విరిగిన 320 పెంకుల బరువు 800 కిలోలు మాత్రమే. ట్రాలీ నిండ కావలసిన బాడుగ పావు ట్రాలీకి దిగినది.

పెంకు ముక్కలు, ఇటుక ముక్కలు కొత్త యింటి పునాదిలోపలి భాగమును నింపుటకు పనికివచ్చును. ఆరు మొదలు తొమ్మిది అంగుళముల వరుసలుగ వేసి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిగ కొట్టవలెను. అయితే కర్ర ముక్కలు అందులో కలియరాదు, చెదలు పుట్టును. నల్లరేగడి మట్టియు పనికిరాదు. అది తడిసి ఉబ్బి, ఎండి పగులుటచే నేలబండలు కదలును.

మిద్దె మట్టికిని విలువ కలదు. పాత ఊరి పాటిమన్నును పొలములకు తోలుకొనుట మన పెద్దలకు తెలిసిన పనియే. ప్లాస్టికు, గాజు, మేకులు ఏరివేసిన పిదప మిద్దె మట్టిని చేనిలోని పల్లములకు, ఇంటి చుట్టునున్న గుంటలకు తోలుకొనవచ్చును. ఇనుప రేకులు, చువ్వలు, మేకులు పాత ఇనుము కొనువారికి పోవును.

ఈ విధముగ వేరుచేయుటకు ఒక దినము అదనముగ పట్టును. ఆ దినపు కూలికంటె మిగిలిన సరకు విలువ, తగ్గిన బాడుగ ఎక్కువని లెక్క వేసి చూచినవారికి బోధపడును. కప్పు దింపు దినముననే అన్నిటిని ఒక్క కుప్పగ కలిపిన పిదప వేరుచేయుట సాధ్యము కాదు. కనుక నాలుగు కుప్పలకు నాలుగు చోట్లు ముందే గీత గీసి నిర్ణయించుకొనవలెను: తిరిగి వాడునవి, నింపుడుకు పనికివచ్చునవి, పాత ఇనుమునకు పోవునవి, పారవేయవలసినవి. బాడుగ ట్రాలీ చివరి కుప్పకు మాత్రమే.

బాడుగ మాటలాడు పద్ధతి

ఇతర దేశములలో ఈ పని ఎట్లు జరుగునో చూచుట మనకు ఉపకరించును. అమెరికాలో ఇంటి కప్పు మార్చువారు ఒక పెద్ద ఇనుప తొట్టెను కొన్ని దినములకు బాడుగకు తెచ్చి ఇంటి ముందర పెట్టుకొందురు. దానిని డంప్‌స్టరు అందురు. టెన్నెసీ రాష్ట్రములోని నాక్స్‌విల్ నగరమునకు చెందిన డెంప్‌స్టరు సోదరులు 1930ల దశకములో తొట్టెను లారీమీదికి యంత్రముతో ఎత్తి కుమ్మరించు పద్ధతిని కనిపెట్టిరి. వారి పేరునుండియే ఆ మాట పుట్టినది. అచ్చటి బాడుగ ఒప్పందములో నాలుగు విషయములు ముందే వ్రాసియుండును: తొట్టె ఎంత పెద్దది, ఎన్ని దినములుండును, ఎన్ని టన్నులవరకు అనుమతి, ఏయే వస్తువులు వేయరాదు. కప్పు శిథిలములు బరువైనవి గనుక, పెద్ద తొట్టెను నింపుటకంటె చిన్న తొట్టెను తెచ్చుకొనుటయే మేలని అచ్చటివారు అనుభవముమీద తెలిసికొనిరి.

మన గ్రామములలో ఆ తొట్టె పని చేయునది ట్రాక్టరు ట్రాలీయే. 1923లో ప్రారంభించి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు ప్రాజెక్టు నీటితో ఈ ప్రాంతమున చెరకు విస్తరించెను. 1937లో బోధను శక్కరునగరమున నిజాం షుగరు ఫ్యాక్టరీ స్థాపింపబడెను. చెరకును ఫ్యాక్టరీకి తోలుటకు మొదట ఎడ్లబండ్లు, పిదప ట్రాక్టరు ట్రాలీలు బారులు తీరెడివి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడినది గాని, ట్రాలీలతో బాడుగ తోలు అలవాటు ఈ ప్రాంతమున నిలిచియే యున్నది. వడ్లు, పసుపు, ఇసుక, ఇటుక, శిథిలములు అన్నియు నేడు వానిమీదనే కదలుచున్నవి. కావున మనకు బండ్ల కొరత లేదు. అమెరికా ఒప్పందములోని స్పష్టత మాత్రము కొరతగ నున్నది.

బాడుగ మాటలాడునప్పుడు ఈ క్రింది విషయములు తేల్చుకొనవలెను.

1. బాడుగ దినమునకా, ట్రిప్పునకా? దగ్గరి దూరమునకు ట్రిప్పు లెక్క మేలు. నింపుటకు ఆలస్యమగు పనులకు దినపు లెక్కలో ఇంటివారు నష్టపడుదురు.

2. నింపు కూలి, దింపు కూలి ఎవరిది? డీజిలు ఎవరిది? ఈ రెండు మాటలు ముందు అనుకొననందువలననే సాయంకాలము తగవులు వచ్చును.

3. ఎక్కడ దింపవలెను? స్థలము పేరు చెప్పియే బాడుగ కుదుర్చుకొనవలెను. "ఊరి బయట" అనునది స్థలము కాదు.

4. దింపినట్లు రుజువు ఏమి? పంచాయతీ సిబ్బంది ఇచ్చు చీటీ చూపిన పిమ్మటనే చివరి సొమ్ము చెల్లించు పద్ధతి పెట్టుకొన్నచో, మధ్యదారిలో కుమ్మరించి పోవుట ఉండదు.

5. ట్రాలీమీద టార్పాలిను కప్పవలెను. బడి వేళలలో ఇరుకు వీధులలో తోలరాదు.

ఒక ప్రమాదమును ప్రత్యేకముగ హెచ్చరింపవలసియున్నది. హైడ్రాలికు ట్రాలీని పైకెత్తి కుమ్మరించునప్పుడు, పైన కరెంటు తీగలున్నవా అని చూడవలెను. ఎత్తిన ట్రాలీ తీగకు తగిలినచో నడపువాని ప్రాణమునకే మోసము. అట్లే వాలు నేలపై ట్రాలీని ఎత్తరాదు. వెనుకవైపున మనుషులను, ముఖ్యముగ వింత చూడవచ్చిన పిల్లలను నిలువనీయరాదు.

ఎక్కడ పోయవలెను, ఎక్కడ పోయరాదు

చెరువు శిఖము, వాగు, పిల్లకాలువ గట్టు, మురుగు కాలువ, బావి సమీపము, శ్మశానవాటిక దారి, రోడ్డు ప్రక్క గుంత — ఈ స్థలములు శిథిలములకు తగవు. చెరువులో పోసిన ప్రతి ట్రాలీ మట్టియు అంత నీటిని గ్రామమునకు దూరము చేయును.

2016లో కేంద్ర ప్రభుత్వము నిర్మాణ, కూల్చివేత వ్యర్థములకు ప్రత్యేక నియమములు చేసినది. శిథిలములు రాకపోకలకు, ప్రజలకు, మురుగు కాలువలకు అడ్డుకాకుండ చూచు బాధ్యత వానిని పుట్టించినవారిదేయని ఆ నియమములు చెప్పినవి. వాని స్థానమున 2025లో ప్రకటింపబడిన కొత్త నియమములకు 2026 ఏప్రిలు 1వ తేదీ అమలు తేదీగ నిర్ణయింపబడినది. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లగూడలయందు శిథిలములను పొడిచేసి, ఇసుక, కంకరగ మార్చు కేంద్రములు నెలకొన్నవి. గ్రామమున అంత పెద్ద యంత్రము అవసరము లేదు. మన శిథిలములు తక్కువ. మనకు కావలసినది ఒక నిర్ణీత స్థలము, ఒక వరుస.

పంచాయతీ డంపింగు యార్డులో ఒక మూలను శిథిలములకు వేరుగ కేటాయించుట సులభమైన మార్గము. ఆ మూలలో తడిచెత్త, ప్లాస్టికు కలుపరాదు. ఇటుక, పెంకు, కాంక్రీటు ముక్కలు ఒక కుప్ప. మట్టి ఒక కుప్ప. సంవత్సరమునకు ఒకటి రెండు మారులు ఆ కుప్పలనుండి పంచాయతీ పనులకు వాడుకొనవచ్చును. వీధుల గుంతలు, బడి ఆవరణలోని పల్లములు, కల్లముల దారులు ఆ ముక్కలతో నింపి, పైన మొరము వేసి త్రొక్కించినచో, వేరుచోటనుండి మొరము తోలు ఖర్చు కొంత తగ్గును. ఒక ఇంటివారికి భారమైనది గ్రామమునకు ఆస్తిగ మారుట అనగా ఇదియే.

సిమెంటు రేకుల విషయమున ప్రత్యేక జాగ్రత్త

పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాసు అను ఖనిజపు పీచు కలిసియుండును. రేకు చెక్కుచెదరక కప్పుమీద నున్నంతకాలము భయము తక్కువ. దానిని సుత్తితో పగులగొట్టినను, రంపముతో గాని కోత మిషనుతో గాని కోసినను, కంటికి కనబడని పీచు గాలిలోనికి లేచును. ఊపిరితో లోపలికి పోయిన పీచు బయటికి రాదు. ఊపిరితిత్తులు గట్టిపడు వ్యాధి, కాన్సరు దానివలన కలుగునని, అన్ని రకముల ఆస్‌బెస్టాసును ఇందుకు కారణములేయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ నిర్ధారించినది. వ్యాధి వెంటనే కనబడదు. ఇరువది, ముప్పది, నలువది సంవత్సరముల తరువాత బయటపడును. కావుననే కప్పు దింపిన కూలివానికి ఆ దినమున ఏమియు కానట్లే యుండును. ఐరోపా కూటమి దేశములు 2005 నాటికి ఈ వస్తువును పూర్తిగ నిషేధించినవి. మన దేశమున తెల్ల ఆస్‌బెస్టాసు రేకులు నిషేధింపబడలేదు. రేకును కంటితో చూచి అందులో పీచు కలదా లేదా అని చెప్పుట సాధ్యము కాదు. కనుక పాత సిమెంటు రేకునంతటిని పీచు కలదియేయని భావించి జాగ్రత్తపడుట మంచిది.

ఆ జాగ్రత్తలు కష్టమైనవి కావు. దింపుటకు ముందు రేకులపై నీరు చల్లి తడుపవలెను. తడిసిన పీచు గాలిలోనికి లేచుట తగ్గును. బోల్టులను పానాతో విప్పవలెను. రేకును పగులగొట్టి ఊడదీయరాదు. త్రాళ్లతో మెల్లగ దింపవలెను, క్రిందికి పడవేయరాదు. తువ్వాలు కట్టుకొన్నంతమాత్రమున పీచు ఆగదు. పి-100 లేక ఎఫ్.ఎఫ్.పి.-3 రకపు మాస్కు పెట్టుకొనవలెను. విరిగిన ముక్కలను పొడి చీపురుతో ఊడ్వక, తడిపి ఏరి, మందపు ప్లాస్టికు సంచులలో రెండు పొరలుగ కట్టవలెను. పనిబట్టలను ఇంటిలో దులుపక వేరుగ ఉతుకవలెను. పిల్లలను ఆ పరిసరములకు రానీయరాదు.

ఈ ముక్కలను వీధి గుంతలు నింపుటకు, పునాదిలో వేయుటకు, పొయ్యి గూళ్లకు వాడరాదు. బండ్ల చక్రముల క్రింద నలిగి అవి దుమ్మగును. మంచి రేకులను మడిచి విరువక, యార్డులో ఒక ప్రక్క దొంతిగ పేర్చి టార్పాలిను కప్పియుంచవలెను. తరువాత ఏమి చేయవలెనో మండల పంచాయతీ అధికారి ద్వారా నిజామాబాదులోని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమును వ్రాతపూర్వకముగ అడుగవలెను. ప్రమాదకర వ్యర్థములను శాస్త్రీయముగ పూడ్చు కేంద్రము హైదరాబాదు సమీపమున దుండిగలులో కలదు. ఒక్క ఇంటి రేకులను అంత దూరము పంపుట కష్టమే. పది గ్రామముల రేకులు మండల స్థాయిలో ఒకచోట చేర్చినచో ఒక లారీకి సరిపోవును.

రేకులు దింపువారు సాధారణముగ దినకూలికి వచ్చువారు. ఇంటి యజమాని ఒక్క దినము ఆ దుమ్ములో నిలుచును. కూలివాడు ప్రతి వేసవియు నిలుచును. వాని పక్షమున మాటలాడువారు పంచాయతీ సభ్యులుగాక మరెవ్వరు?

పంచాయతీ ట్రాక్టరు

2018 పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిమ్మట, 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో తెలంగాణమునందలి గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. వీని మొదటి పని చెత్త సేకరణ, మొక్కలకు నీరు. ఆ పనులు ముగిసిన వేళలలో, తీర్మానము చేసి, కార్యదర్శి సలహాతో, నిర్ణీత రుసుముపై శిథిలములను తరలించుట ఆలోచింపదగినది. ఇందు రెండు మెలకువలు కలవు. రుసుము అందరికి ఒకటిగ నుండవలెను. సర్పంచి బంధువునకు ఒక ధర, ఇతరులకు ఒక ధర అన్న మాట రాకూడదు. రెండవది, రసీదు లేనిదే ట్రాక్టరు కదలరాదు. ఒంటరి వృద్ధులకు, దివ్యాంగులకు, నిరుపేదలకు రుసుము మినహాయింపు ఇయ్యదలచినచో అదియు తీర్మానములోనే వ్రాయవలెను. అప్పుడది దయగ గాక హక్కుగ లభించును.

పంచాయతీ ట్రాక్టరు చాలనప్పుడు గ్రామములోని ట్రాక్టరు యజమానులను పిలిచి, దూరమును బట్టి ట్రిప్పు ధరలను ముందే మాటలాడి నోటీసు బోర్డుమీద వ్రాయించినచో, బేరము తెలియని ఇల్లాలు కూడ మోసపోకుండును.

మాదిరి తీర్మానము

సభ్యుల సౌకర్యార్థము ఒక మాదిరి తీర్మానమును ఇచ్చుచున్నాము. గ్రామ పరిస్థితులనుబట్టి మార్చుకొనవచ్చును.

"ఈ గ్రామ పంచాయతీ పరిధిలో ఇంటి కప్పు దింపువారు లేక పాత ఇల్లు కూల్చువారు పని ప్రారంభించుటకు మూడు దినముల ముందు పంచాయతీ కార్యాలయమున తెలుపవలెను. శిథిలములను ఇంటి ముందర ఏడు దినములకు మించి ఉంచరాదు. వీధికి, మురుగు కాలువకు అడ్డు కలిగింపరాదు. పనికివచ్చు సరకును వేరుచేసిన పిదప మిగిలినదానిని డంపింగు యార్డులో కేటాయించిన స్థలమున మాత్రమే దింపవలెను. దింపిన ప్రతి ట్రాలీకి పంచాయతీ సిబ్బంది చీటీ ఇయ్యవలెను. సిమెంటు రేకులను వేరుగ తడిపి దింపి, పగులగొట్టక అప్పగింపవలెను. చెరువు, వాగు, కాలువలలో గాని వాని గట్లపై గాని శిథిలములు పోసినచో, తొలగించు ఖర్చును పోసినవారినుండి చట్ట ప్రకారము వసూలు చేయబడును. పారిశుద్ధ్య పనులు చూచు స్థాయీ సంఘము ప్రతి నెలయు ఈ విషయమును పరిశీలించి పంచాయతీకి తెలుపవలెను."

ఇల్లు కట్టుటకు అనుమతి కోరు దరఖాస్తు చేతికందిన దినముననే ఈ తీర్మానము ప్రతిని దరఖాస్తుదారునకు ఇచ్చి, చదువురానివారికి చదివి వినిపించుట మంచిది. కప్పు దింపిన తరువాత చెప్పు మాట తగవుకు దారితీయును. దింపకముందు చెప్పు మాట సలహాగ చెల్లును.

ముగింపు

పైన చెప్పిన గ్రామమునకు మేము మరుసటి వేసవిలో మరల పోతిమి. పంచాయతీవారు యార్డులో ఒక మూల నాలుగు రాళ్లు పాతించి శిథిలములకు స్థలము గుర్తించిరి. కప్పు దింపుచున్న ఒక ఇంటి ముందర పెంకులు వరుసగ పేర్చియున్నవి. విరిగినవి ఒక ప్రక్క చిన్న కుప్పగ నున్నవి. కాలువ గట్టు శుభ్రముగ నున్నది. చివరి మడిగల ఆ వృద్ధ రైతు మమ్ము గుర్తించి, "ఈసారి నీళ్లచ్చినయి సారూ" అని మాత్రము చెప్పి తన పనికి పోయెను.

రాబోవు పంచాయతీ సమావేశమున సభ్యులు మూడు ప్రశ్నలు చర్చింప గోరెదము. ఈ సంవత్సరము మన గ్రామమున ఎన్ని కప్పులు మారనున్నవి? వాని శిథిలములు దింపుటకు మనము చూపగల స్థలమేది? అచ్చటికి చేర్చు ట్రాలీకి ధర ఎంత, చీటీ ఇచ్చువారెవరు? ఈ మూడింటికి జవాబులు మినిట్సు పుస్తకమున వ్రాసికొన్న గ్రామమున, మొదటి వానకు కొత్త కప్పు క్రింద ఇంటివారు సుఖముగ నుందురు. కాలువ చివర రైతు మడియు తడియును.